ముక్కు గొట్టమూ మా వియ్యపురాలి పంతమూ

పెద్దకర్మ నాడు ఆవిడ ఫోటోకి దండ వేసి, చాపల మీద కూర్చున్న చుట్టాలంతా ఒకరి తరవాత ఒకరు ఆవిడని మెచ్చుకున్నారు. ఎంత నెమ్మదైన మనిషి అన్నారొకరు. పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పి ఎరగదు అన్నారు ఇంకొకరు. ఒకావిడ కళ్ళు తుడుచుకుని, భూదేవి అంత ఓర్పమ్మా అన్నది. నాకు ఒళ్ళు మండింది. పోయిన మనిషి లేచి వచ్చి కాదనలేదు కదా అని ఇంతలేసి అబద్ధాలా.

మా వియ్యపురాలు నెమ్మదైన మనిషి కాదు. ఓర్పు అసలే లేదు. ఎదురు చెప్పడం అంటారా, ఆవిడ పొద్దున్నే మొహం కడుక్కోకముందే ఎవరో ఒకరికి ఎదురు చెప్పేది. పాలబ్బాయికి చెప్పేది, పురోహితుడికి చెప్పేది, కరెంటు మీటరు చూడటానికి వచ్చిన మనిషికి చెప్పేది. ఆ మనిషిని ఇలా చదును చేసి ఫోటోలో పెట్టడం నాకు నచ్చలేదు. నేను చదివింది మూడో తరగతి వరకే. అయినా రాస్తున్నాను. తప్పులుంటే మా మనవరాలు దిద్దుతుంది. మాటలు మాత్రం మార్చొద్దని చెప్పాను.

ఆవిడ పొట్టిగా, గట్టిగా ఉండేది. రెండు పక్కలా ముక్కుపుడకలు. నడిస్తే మనిషి కనపడకముందే మడమల చప్పుడు వినపడేది. ఏదైనా కాదనబోయే ముందు కుడిచెయ్యి కొంగుకు తుడుచుకునేది, చేతికి తడి ఉన్నా లేకపోయినా. ఆ తుడుచుకోవడం చూస్తే ఎదుటివాళ్ళకి అర్థమైపోవాలి. తరవాత వచ్చే మాట ఒకటే, "అది కుదరదులెండి."

మా ఇద్దరికీ పడేది కాదు. వియ్యపురాళ్ళకి పడకపోవడం వింత కాదు గానీ, మాకు పడకపోవడానికి కారణం వంట. ఆవిడ చేతిలో ప్రతిదీ చిక్కనే. పప్పులో గరిటె నిలబడాలి. పులుసు అన్నం మీద పోస్తే పక్కకి జారకూడదు. ఇంటికొచ్చిన మనిషికి పలచటి మజ్జిగ ఇవ్వడమంటే పొమ్మని చెప్పడమే అనేది. నాకు అట్లా జరిగే రోజులు ఎప్పుడూ లేవు. పాలు కాచిన గిన్నె కడిగిన నీళ్ళు కూడా నేను పారబొయ్యను, పులుసులో పోస్తాను. మా అమ్మాయి పెళ్ళయిన కొత్తలో ఆవిడ కంకిపాడు పక్కన మా ఊరికి భోజనానికి వచ్చింది. చివర్లో మజ్జిగ పోశాను. విస్తరిలోకి చూసి,

"వదినగారూ, ఇందులో మజ్జిగ ఎక్కడుందో చూపిస్తే కలుపుకుంటాను" అంది.

"అడుగున ఉంది వదినగారూ. ఓపికుంటే వెతుక్కోండి" అన్నాను.

వెతుక్కుని తాగింది. తాగి, ఇంటికెళ్ళి మా అమ్మాయితో, మీ అమ్మ గేదెని కొలనులో నిలబెట్టి పాలు పిండుతుందా అని అడిగిందట. అప్పటినుంచి మేము కలిసినప్పుడల్లా ఇదే వరస.

ఆవిడ భర్త చిన్నవయసులోనే పోయాడు. ఆయన అన్నగారు, అంటే ఆవిడకి బావగారు, ఆ కుటుంబాన్ని భుజాన వేసుకున్నాడు. పొలం చూశాడు, పిల్లవాణ్ణి చదివించాడు. చెడ్డవాడు కాడు. తెల్లటి పంచె, తక్కువ మాట. ఆయన ఏది చెబితే అది జరిగిపోయేది. వాళ్ళ ఇళ్ళలో తమ్ముడి భార్య బావగారి ఎదురుగా నిలబడి మాట్లాడదు. తలుపు చాటున నిలబడాలి, తల మీద కొంగు ఉండాలి, చెప్పదలచింది పక్కవాళ్ళకి చెప్పాలి. ఊరందరి మీదా నోరు పారేసుకునే మనిషి ఈ ఒక్క పద్ధతీ తప్పలేదు. కానీ అందులోనూ తన దారి తను చూసుకుంది. బావగారు హాల్లో కూర్చుంటే వంటింట్లోంచి మా అమ్మాయితో అనేది, "అమ్మాయ్, బావగారితో చెప్పు, ఎరువుల కొట్టువాడు ఆయన్ని మోసం చేస్తున్నాడని. ఆయనకి కనపడటం లేదేమో, నాకు కనపడుతోందని చెప్పు." ఆ గొంతు వీధి చివరికి వినపడేది. ఆయన కూడా అంతే. "మా మరదలికి చెప్పమ్మా, విన్నానని" అనేవాడు. మధ్యలో మా అమ్మాయి నోరు తెరిచే పని కూడా ఉండేది కాదు.

ఇది తొంభైల చివర్లో సంగతి. అల్లుడికి ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం. వానాకాలం. డ్యూటీ దిగి భవానీపురంలో ఇంటికి వస్తుంటే స్కూటర్ జారింది. తలకి దెబ్బ తగిలింది. తెలిసి నేను బస్సెక్కి వచ్చేసరికి అతన్ని బెజవాడలో ఒక పెద్దాసుపత్రిలో లోపలి గదిలో పెట్టారు. స్పృహ లేదు. ఊపిరికి మిషను. ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం ఒకటి వేశారు. మా అమ్మాయి పాలుతాగే బిడ్డని ఒళ్ళో పెట్టుకుని వరండాలో గోడకి ఆనుకుని కూర్చుంది. ఏడవడం కూడా అయిపోయింది దానికి. ఆవిడ మాత్రం తలుపు పక్కన నిలబడి ఉంది. కూర్చోమంటే కూర్చోదు.

ఆపరేషను చేశారు. ఆ తరవాత డాక్టరు మమ్మల్ని పిలిచి గొట్టం సంగతి చెప్పాడు. కుర్రవాడే, ఓపికగా చెప్పాడు.

"సెలైన్ తిండి కాదమ్మా. తిండి పొట్టలోకే వెళ్ళాలి. పేగుకి పని లేకుండా ఊరికే ఉంచితే అది పాడవుతుంది, కొత్త జబ్బులు అక్కడే మొదలవుతాయి. అందుకని ఈ గొట్టంలోంచి కొంచెం కొంచెం పోస్తాం. ఒంట్లో ఇంత దెబ్బ ఉన్నప్పుడు పొట్ట మొండికేస్తుంది. పోసింది కిందకి దిగకపోవచ్చు. అయినా ప్రయత్నం చేస్తూ ఉండాలి."

"మొండికేస్తే?" అంది ఆవిడ.

"తగ్గిస్తాం. మళ్ళీ మొదలెడతాం."

ఆ మాట ఆవిడకి నచ్చింది. కొంగుకు చెయ్యి తుడుచుకోకుండా తల ఊపడం అప్పుడే చూశాను.

ఆ రోజుల్లో ఇప్పటిలా డబ్బాల్లో పొడులు అందరికీ దొరికేవి కావు. పాలు, పెసరకట్టు, వడకట్టిన రాగిజావ ఇంటినుంచే తెమ్మనేవారు. గుణదల నుంచి వచ్చే సిస్టరమ్మ ఒకామె ఉండేది. ఎలా తేవాలో ఆమె చెప్పింది, శుభ్రమైన గుడ్డలో వడకట్టి, గొట్టంలో జారేటట్టు పలచగా. ప్రతిసారీ పోసేముందు ఆమె ఒక పెద్ద సిరంజి గొట్టానికి పెట్టి వెనక్కి లాగి చూసేది. ముందు పోసింది కిందకి దిగి ఉంటే సిరంజిలోకి ఏమీ రాదు. దిగకపోతే పోసింది పోసినట్టే పైకొస్తుంది. అలా వస్తే ఆపాలి. లేకపోతే పొంగి ఊపిరితిత్తుల్లోకి పోతుందట.

జావ చెయ్యడం నాకు ఒదులుతుందా ఆవిడ. భవానీపురం ఇంట్లో పొయ్యి ముందు తనే కూర్చుంది. రాగులు తడిపి, రుబ్బి, పాలు తీసి, కాచింది. గుడ్డలో వడకట్టింది కూడా. తరవాత గిన్నెలోకి చూసింది. చూస్తూనే ఉంది. కొడుకు, మూడుపూటలా పెరుగన్నం గడ్డ కట్టేలా కలిపి తినే కొడుకు, వాడి నోట్లోకి, అదీ నోటికి కాదు ముక్కుకి, ఈ కుడితి నీళ్ళా. ఆవిడకి ప్రాణం ఒప్పలేదు. నేను బట్టలారెయ్యడానికి పెరట్లోకి వెళ్ళి వచ్చేలోపల ఇంకో గుప్పెడు పిండి, ఇంత బెల్లం, చెంచాడు నెయ్యి వేసి మళ్ళీ కాచింది. ఫ్లాస్కులో పోసుకుని ముందు ఆవిడ, వెనక నేను, రిక్షాలో వెళ్ళాం.

మొదటిసారి పొయ్యగానే గొట్టం మూసుకుపోయింది. సిస్టరమ్మ నీళ్ళు కొట్టి, పిసికి, ఎలాగో తెరిచింది. ఫ్లాస్కులో వేలు ముంచి చూసి,

"అమ్మమ్మగారూ, దీన్ని ఎవరు చేశారు?" అంది.

"నేనే చేశాను. పలచగా ఉంటే మళ్ళీ పిండి కలిపాను. ఏం చేస్తారో చెయ్యండి."

"నన్నేం చెయ్యమంటారు. గొట్టం మాట వినదు. నేను చెప్పినా వినదు, మీరు తిట్టినా వినదు."

అయితే అప్పటికి కొంత లోపలికి వెళ్ళింది. సాయంత్రానికి పొట్ట ఉబ్బింది. సిరంజి లాగితే బెల్లం వాసనతో సహా అంతా తిరిగొచ్చింది. అసలే మొండికేసి ఉన్న పొట్ట. డాక్టరు వచ్చి చూసి, ఈ రోజుకి ఆపండి అన్నాడు. కోప్పడలేదు. ఆవిడ వంక చూడను కూడా లేదు. చూసి ఉంటే బాగుండేది, ఆవిడ తిరిగి ఏదో అని ఉండేది. మెట్లు దిగుతుంటే మడమల చప్పుడు లేదు.

ఈలోగా చుట్టాలు. మా వైపు ఒక అలవాటు ఉంది, మంచం మీద ఉన్న మనిషికి తమ చేత్తో ఒక్క గుక్క పట్టకుండా ఎవరూ వెళ్ళరు. అది చూసి వెళ్ళినట్టు లెక్క. కొబ్బరినీళ్ళు తెచ్చినవాళ్ళు, బత్తాయి రసం తెచ్చినవాళ్ళు, హార్లిక్సు కలిపి తెచ్చినవాళ్ళు. ఒకరు కొండమీద అమ్మవారి తీర్థం తెచ్చారు. వాళ్ళ పక్కింటి భాయ్‌గారు దర్గా నుంచి నీళ్ళు తెచ్చాడు. సిస్టరమ్మ కూడా సంకోచిస్తూ మేరీమాత గుడి నీళ్ళ సీసా ఒకటి చూపించింది. ఆవిడ తలుపుకి అడ్డంగా నిలబడి, దేవుళ్ళ నీళ్ళన్నీ తీసుకుని కొడుకు గుండె మీద తడిచేత్తో అద్దింది. ఏ ఒక్కరినీ తక్కువ చెయ్యలేదు. గొట్టం దగ్గరికి మాత్రం ఒక్కరినీ రానివ్వలేదు.

ఆవిడ సొంత అక్కగారు గ్లాసు పట్టుకుని, "ఒక్క చుక్కే చెల్లీ. నా చేత్తో పెంచానే వాణ్ణి" అంది.

ఆవిడ చెయ్యి తుడుచుకుంది. "అది కుదరదులే అక్కా. నా కొడుకు పొట్ట మీరంతా చుట్టరికాలు తీర్చుకునే చోటు కాదు. ఆ రసం నువ్వే తాగు, ఎండన పడి వచ్చావు."

అక్కగారు ఆ మాట పట్టుకుని చాలా కాలం ఆ ఇంటి గడప తొక్కలేదు. భూదేవి అంత ఓర్పు అన్నది ఈవిడే.

ఆపమన్న మర్నాడు పొద్దున ఆవిడ వంటింట్లో నేల మీద కూర్చుని ఉంది. ముందర రాగులు, గిన్నె, గుడ్డ. పొయ్యి వెలిగించలేదు.

"వదినగారూ, ఇటు రండి" అంది.

వెళ్ళాను.

"నా చెయ్యి పలచన చెయ్యదు. ఎంత నీళ్ళు పోసినా మళ్ళీ పిండి దగ్గరికే పోతుంది. మీరు చెయ్యండి."

"ఇన్నేళ్ళూ మీరు తిట్టిపోసిన పలచన ఇదే" అన్నాను.

"తిట్టాను. ఇక ముందూ తిడతాను. ముందు నీళ్ళు పొయ్యండి."

నేను పోశాను. కాచాను. గుడ్డ మార్చి మళ్ళీ వడకట్టాను. గరిటెతో ఎత్తి పోస్తే దారంలా జారింది. ఆవిడ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో పట్టుకుని చూసింది. మొహం ఎట్లా పెట్టిందంటే, ఆవిడ వంటింట్లో ఎవరో దొంగతనం చేస్తుంటే చూస్తూ ఊరుకున్న మనిషిలా పెట్టింది. "ఇదీ ఒక తిండేనా" అని, ఫ్లాస్కు మూత తనే బిగించింది. ఆ తరవాత ఎప్పుడూ మా మజ్జిగ జోలికి రాలేదని అనుకుంటారేమో. వచ్చింది. మరుసటేడు మా ఇంట్లో భోంచేస్తూ, ఇది రోగులకే సరి వదినగారూ అంది.

పలచన చెయ్యగానే అన్నీ సర్దుకున్నాయని చెబితే అది కూడా అబద్ధమే అవుతుంది. గొట్టం మూసుకుపోవడం మాత్రం ఆగింది. పొట్ట ఇంకా మొండిగానే ఉంది. డాక్టరు మంచం తలవైపు ఎత్తించాడు, పేగు కదలడానికి సూది మందు రాశాడు, ఒక్కసారిగా పొయ్యకుండా సీసా వేలాడగట్టి చుక్కలు చుక్కలుగా దిగేటట్టు పెట్టించాడు. ఒక పూట కొంచెం దిగేది. ఇంకో పూట సిరంజి నిండా తిరిగొచ్చేది. సిస్టరమ్మ తగ్గించేది, కాసేపు ఆగి మళ్ళీ మొదలెట్టేది. చూడనిచ్చిన వేళల్లో ఆవిడ లోపలికి వెళ్ళి, కొడుకు మొహం కూడా చూడకుండా పొట్ట మీద చెవి ఆనించి వినేది. బయటికొస్తే మేమంతా ఆవిడ మొహం వంక చూసేవాళ్ళం.

"ఏమన్నా వినపడిందా అత్తయ్యగారూ?" అనేది మా అమ్మాయి.

"ఏం వినపడలేదు. నిద్రపోతోంది. పోనీ, లేస్తుంది."

ఒకసారి డాక్టరు చూసి నవ్వాడు. "చప్పుడొక్కటే చూసి చెప్పలేమమ్మా. నాకు స్టెతస్కోపుతో విన్నా ఒక్కోసారి అర్థం కాదు" అన్నాడు.

"మీకు అర్థం కాకపోతే మానెయ్యండి. నేను దాని అర్థం కోసం వినడం లేదు. నేను వచ్చానని దానికి తెలియాలి" అంది.

కొడుకుతో మాట్లాడుతున్నట్టు కాదు, పొట్టతో మాట్లాడుతున్నట్టు ఉండేది. చిన్నప్పుడు అన్నం తిననని మూతి బిగించిన పిల్లవాడి దగ్గర కూర్చున్నట్టే. బతిమాలేది కాదు. లొంగేది కాదు. ముద్ద కలిపి పట్టుకుని అలా కూర్చునేది, అంతే.

బావగారు రోజూ పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళేవాడు. ఒక రోజు మధ్యాహ్నం వ్యాను తీసుకుని వచ్చాడు. వ్యానులో పరుపు వేసి ఉంది. చూడగానే నాకు అర్థమైంది. వాళ్ళ ఊళ్ళో బయట పోయిన మనిషిని ఇంట్లోకి తేరు. శవాన్ని వీధిలోనే పెట్టి అటునుంచి అటే తీసుకుపోతారు. ఇంటి కొడుక్కి ఆ గతి పట్టకూడదని, ఊపిరి ఉండగానే గడప దాటించాలని ఆయన ఆలోచన. ప్రేమ లేక కాదు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

వరండాలో ముగ్గురం నిలబడ్డాం. ఆవిడ తల మీద కొంగు లాక్కుని గోడవైపు తిరిగింది. మధ్యలో నేను.

"చెల్లెమ్మా, మా మరదలికి చెప్పండి" అన్నాడాయన. "పొట్ట కూడా వద్దంటోంది. తిండే ఒంటబట్టని మనిషికి ఇంకేం చేస్తారు. ఆ సూదులు, ఆ గొట్టాలు, ఎందుకు వాడికి ఇంత బాధ. ఇంటికి తీసుకెళ్దాం. వాళ్ళ నాన్న గదిలో పడుకోబెడదాం."

నేను చెప్పే అవసరం లేదు, ఆవిడ మూరెడు దూరంలో ఉంది. అయినా ఆవిడ నాతోనే అంది, "వదినగారూ, మిషను తీస్తే దారిలోనే పోతాడని డాక్టరు గారు అన్నారని బావగారితో చెప్పండి."

"తెలుసని చెప్పండి" అన్నాడాయన. "గడప దాటాక పోతే చాలు."

చుట్టాలు లేచి నిలబడ్డారు. ఎవరో అప్పుడే ఏడుపు మొదలుపెట్టారు. ఇంకెవరో, పెద్దాయన చెప్పింది సబబే అన్నారు. మా అమ్మాయి బిడ్డని గట్టిగా పట్టుకుని నా వంక చూసింది. నేను అత్తగారిని చూడమని కళ్ళతో చెప్పాను.

ఆవిడ కుడిచెయ్యి కొంగుకు తుడుచుకుంది. ఆ కొంగే తల మీదినుంచి జారిపోయింది. దాన్ని తిరిగి వేసుకోలేదు. వెనక్కి తిరిగి, జన్మలో మొదటిసారి, ఆయన మొహంలోకి చూస్తూ మాట్లాడింది.

"బావగారూ. వీడు పుట్టిన ఏడాది తాగిన పాలు తాగినట్టే నా భుజం మీద కక్కేవాడు. మీకు గుర్తుండే ఉంటుంది, మీరు వసారాలో కూర్చుని చూసేవాళ్ళు. బిడ్డ పొట్ట వద్దంటోంది, వదిలెయ్యమని మీరు అన్నారా? మళ్ళీ పట్టమన్నారు. కక్కితే మళ్ళీ పట్టాను. అప్పుడు వాడికి పాలు తాగడం నేర్పింది నేనే, ఇప్పుడూ నేనే నేర్పుతాను."

మరదలి మొహం ఆయన అన్నేళ్ళలో ఎప్పుడూ అంత దగ్గర్నుంచి చూసి ఉండడు.

"అది పసితనం" అన్నాడు చివరికి, నేరుగా ఆవిడతోనే. "ఇది వేరు."

"నాకేం వేరుగా కనపడటం లేదు. వాడి పొట్ట ఒప్పుకుందో లేదో డాక్టరు గారు చెబుతారు. వ్యాను చెప్పదు. పంపించెయ్యండి."

"మధ్యాహ్నం పోసింది చూద్దాం. అదీ దిగకపోతే ఇక నా మాట వినాలి."

"అది కుదరదులెండి. దిగకపోతే సాయంత్రం పోస్తారు. సాయంత్రం దిగకపోతే రేపు. నేను పందెం కాయడం లేదు బావగారూ, పిల్లాడికి అన్నం పెడుతున్నాను. వాడి గడప ఎక్కడికీ పోదు. నడిచి వచ్చి దాటతాడు, లేదా ఇక్కడే పోతాడు. ఇక్కడే పోతే వీధిలో పెట్టుకుని నేను కూర్చుంటాను. ఎవరూ రానక్కర్లేదు."

ఆడది అనే మాటేనా అని చుట్టాల మొహాలు. నేను ముందుకు వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను. నాకు ఆవిడ మాటలు నచ్చి కాదు. ఆ పక్కన ఎవరో ఒకరు నిలబడాలి, ఇంకెవరూ నిలబడలేదు.

"అన్నయ్యగారూ, వ్యానుని ఊరికే ఎండలో నిలబెట్టకండి" అన్నాను.

ఆయన మా ఇద్దరినీ చూశాడు. మెల్లగా మెట్లు దిగి వెళ్ళి డ్రైవరుతో ఏదో చెప్పాడు. వ్యాను వెనక్కి తిరిగి గేటు దాటింది. ఆయన మళ్ళీ పైకి వచ్చి, బల్ల మీద ఒక పక్కగా కూర్చున్నాడు. వెళ్ళిపోలేదు. అది ఆయన గొప్పతనం, చెప్పకపోతే నాకు పాపం.

తరవాత సిస్టరమ్మ సిరంజి తీసుకుని లోపలికి వెళ్ళింది. తలుపుకి ఉన్న అద్దంలోంచి మేమంతా చూస్తున్నాం. గొట్టానికి పెట్టి వెనక్కి లాగింది. ఇంకొంచెం లాగింది. సిరంజి వెలుతురుకి ఎత్తి చూసింది. అడుగున మరకలాంటిది ఉంది, అంతే. పోసింది కిందకి దిగింది. ఆమె మా వైపు తిరిగి ఖాళీ సిరంజి అద్దానికి ఆనించి చూపించింది. నవ్వితే పళ్ళన్నీ కనపడ్డాయి.

మా అమ్మాయి కూలబడి ఏడ్చింది. బావగారు లేచి నిలబడి, అద్దం దాకా వచ్చి, చేతులు జోడించాడు. ఎవరికి జోడించాడో తెలియదు. ఆవిడ మాత్రం అద్దంలోకి చూస్తూ, "సాయంత్రం ఎంత పొయ్యాలో అడగండి వదినగారూ. పెంచుతారేమో అడగండి" అంది.

అల్లుడు బతికాడు. పొట్ట తరవాత కూడా తిరగబడింది, మళ్ళీ దారిలో పడింది. ఊపిరి, మాట, నడక ఒక్కొక్కటిగా రావడానికి చాలా కాలం పట్టింది. అదంతా డాక్టర్ల చలవ, మందుల చలవ, అతని ప్రాణం గట్టిది. ఆవిడే బతికించిందని నేను చెప్పడం లేదు. ఆవిడ పంపించెయ్యమంది కాబట్టి వ్యాను వెళ్ళిపోయింది. నేను చెప్పేది అంతవరకే.

ఆ మధ్యాహ్నం ఇంకొకటి జరిగింది. దాన్ని మా చుట్టాల్లో ఎవరూ పెద్దకర్మ నాడు ఎత్తలేదు, ఎత్తడానికి సిగ్గుపడ్డారు. సిస్టరమ్మ ఖాళీ సిరంజి చూపించి వెనక్కి తిరగగానే ఆవిడ వచ్చి వరండా మెట్ల మీద కూర్చుంది. ఆసుపత్రిలో చేర్చిన రోజు నుంచి ఆవిడ కాఫీ నీళ్ళ మీదే ఉంది, ఎంత చెప్పినా ముద్ద ముట్టలేదు. ఇప్పుడు చెయ్యి చాపింది.

"ఆ క్యారియరు ఇలా ఇవ్వండి. ఆకలేస్తోంది."

మా అమ్మాయి కోసం తెచ్చిన క్యారియరు అది. అన్నం, గోంగూర పప్పు, వడియాలు. మూత తీసి పెట్టాను. ఆవిడ కొంగు నడుముకి బిగించి, అందరి ఎదురుగా, పెద్ద పెద్ద ముద్దలు కలిపి తినడం మొదలుపెట్టింది. వడియాలు కరకరమని నములుతుంటే ఆ చప్పుడు వరండా అంతా వినపడింది. కొడుకు లోపల మిషను మీద ఉన్నాడు, బావగారు ఎదురుగా ఉన్నాడు, చుట్టాలంతా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. అక్కగారు నా చెవి దగ్గర, "ఏం మనిషమ్మా, కన్నతల్లేనా" అంది.

ఆవిడకి వినపడింది. తల ఎత్తకుండానే, "వాడి పొట్ట పనిలోకి దిగింది అక్కా. నేను మాడి ఎవర్ని ఉద్ధరించాలి?" అని, నా వైపు చూసి, "ఇంకా ఉందా వదినగారూ?" అంది.

కన్నకొడుకు అలా ఉంటే మెట్ల మీద కూర్చుని క్యారియరు ఖాళీ చేసిందని మా వాళ్ళు చాలా కాలం చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనివ్వండి. రెండోసారి వడ్డించింది నేను.